మార్టిన్ తుపాకీ, మా పేర్ల పట్టీ

షానన్ దగ్గర,
బుధవారం, ఫిబ్రవరి 5, 2025.

ప్రియమైన పుష్పక్కకి, తమ్ముడు బాలశౌరి రాయునది.

నిన్న, మంగళవారం ఉదయం పదకొండుంబావుకి, పోలీస్ స్టేషన్ నుంచి గార్డ్స్ ఇద్దరు వచ్చి మార్టిన్ గారి తుపాకీ తీసుకెళ్ళారు. ముఖ్యమైన సంగతి ఇదే. మిగతాదంతా వివరం.

జనవరి 28న ఆయన స్నానానికి తువ్వాలు కావాల్సి ప్రెస్ తెరిచాను. ఇక్కడ అలమారాని ప్రెస్ అంటారని నీకు తెలుసు, బావకి చెప్పు. తువ్వాళ్ళ మధ్య తుపాకీ ఉంది. లోపల రెండు తూటాలున్నాయి. ఎవరు పెట్టారో ఆయనకి గుర్తు లేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరం. "ఎవరు పెడితేనేం, తడవకుండా ఉంది కదా, గ్రాండ్" అన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, మతిమరుపు మొదలై ఏడాదిన్నర. ఆయన్ని చూసుకోడానికే నన్ను పెట్టుకున్నారు కాబట్టి ఇక్కడి డాక్టరుకి, అదే జీపీకి, చెప్పాను. జీపీ గార్డ్స్‌కి చెప్పారు. వచ్చిన గార్డ్స్ దగ్గర తుపాకులు లేవు. చేతులూపుకుంటూ వచ్చి తుపాకీతో వెళ్ళారు.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఆయనకి ముప్పై ఒక్క గొర్రెలున్నాయి. మార్చి రెండో వారం నుంచి ఈనుతాయి. పోయినేడు నక్కలు ఏడు పిల్లల్ని పట్టుకుపోయాయి. తుపాకీ సర్టిఫికెట్ నన్ను తెచ్చుకోమని ఆయన అంటున్నారు. దానికి ముందు శిక్షణ ఉండాలి. రెండు చోట్ల దొరుకుతోంది.

ఒకటి మీ క్లాండాల్కిన్‌లోనే, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో. ఒక్క శనివారం, సగం పూట. వీడియో చూపించి, శాండ్‌విచ్ పెట్టి, కాగితం చేతిలో పెడతారు. రెండోది ఇక్కడే, ఆరు శనివారాలు. నేర్పేది మిసెస్ కెల్లెహర్ అని సైన్యంలో సార్జెంటుగా చేసి రిటైరైన ఆవిడ. పోయినేడు పదకొండు మందిలో నలుగుర్ని ఫెయిల్ చేసింది. నేను రెండో దానికి వెళ్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

అమెరికా నుంచి మన ఎడ్వర్డ్ ఫోన్ చేశాడు. వాడు పిస్తోలు చొక్కా కింద దాచుకుని తిరగడానికి పర్మిట్ తీసుకున్నాడట. "నాలుగు గంటల వీడియో చాలన్నయ్యా, మిగతాది చేస్తూ నేర్చుకోవడమే" అన్నాడు.

నువ్వు క్రిస్మస్ నుంచి కోరినట్టే ఉత్తరం రాశాను, ఫోన్ చెయ్యలేదు. చివర ప్రార్థన పేర్ల పట్టీ కూడా, నాన్న నేర్పిన వరసలో: నాన్న ఏసుదాసు, అమ్మ దేవమాత, మా ఆవిడ సుగుణ, టైటస్ బావ, పుష్పవతి, ఎడ్వర్డ్, ఫెబి, జెమీమా, బాలశౌరి.

ఇట్లు, నీ తమ్ముడు
బాలశౌరి

తా.క.: నలభై ఏళ్ళుగా ఈ పట్టీ దేవుడి దగ్గరుంది. ప్రతి ఉత్తరంలో ఇంకో కాపీ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయనా ప్రెస్‌లో పెట్టి మర్చిపోయాడా?

*

క్లాండాల్కిన్,
మంగళవారం, ఫిబ్రవరి 11.

ప్రియమైన తమ్ముడు బాలశౌరికి, అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. బాపట్లలో పంతొమ్మిదేళ్ళు పేపరుకి వార్తలు రాశావు గానీ, అక్కకి రాసేటప్పుడైనా "ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టొచ్చు. నేను బాగున్నాను.

నీకు తుపాకీ ఎందుకురా? చిన్నప్పుడు ఉండేలుతో నువ్వు గురిచూసి కొట్టిన ఒకే ఒక్కటి ఫాదర్ గారి కళ్ళజోడు. నువ్వు గురిచూసింది జామకాయని. ఈ దేశంలో గార్డ్స్‌కే తుపాకీ లేదు, ముసలాయన్ని చూసుకునేవాడికెందుకు? మానెయ్.

మాననంటే మాత్రం ఆ ఆరు శనివారాల ఆవిడ దగ్గరికే వెళ్ళు. ఇక్కడ సగం పూట క్లాసుకి రావద్దు. నన్ను చూసే వంకతో కూడా రావద్దు.

పేర్ల పట్టీ ఎందుకని అడగొద్దు. అక్క అడిగింది, రాయి. ఎప్పుడూ అదే పెన్నుతో, గీతల్లేని తెల్ల కాగితం మీద, అవే పేర్లు, అదే వరస. తొందర పడకు. మరీ చిన్నగా రాస్తున్నావు.

ఇట్లు, నీ అక్క
పుష్పవతి

తా.క.: మా ఫెబి నీ సంగతి విని "మామయ్య విత్ ఎ గన్? దట్స్ గ్యాస్" అంది. బావ వెంటనే వంటింట్లోకెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చాడు. గ్యాస్ అంటే ఇక్కడి పిల్లలకి నవ్వులాట అని పదకొండేళ్ళలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

*

షానన్ దగ్గర,
సోమవారం, ఫిబ్రవరి 24.

ప్రియమైన అక్కకి, నమస్కారాలు. ఎలా ఉన్నావు? (అడిగాను.)

రెండు శనివారాలు అయ్యాయి. ఇంతవరకు తుపాకీ ముట్టుకోలేదు. మొదటిరోజు ఆరుగురం ఉన్నాం. మిసెస్ కెల్లెహర్ ఫారాలు పంచి, మేం పేరూ చిరునామా రాస్తుంటే ఒక్కొక్కరి పక్కన నిలబడి చూసింది. తర్వాత తలా ఒక చీపురుకర్ర ఇచ్చింది. "రెండు వారాలు ఇదే మీ తుపాకీ. ఎక్కడికెళ్ళినా మీతో ఉండాలి. దీన్ని ఎవరి వైపూ చూపించకూడదు. గేటు ఎక్కేముందు కింద పెట్టాలి. ఒక్కసారి మర్చిపోతే మళ్ళీ మొదటి నుంచి" అంది. ఒక కుర్ర రైతు నవ్వాడు. "ఇలా నవ్వినవాళ్ళని ఇద్దర్ని ఎరుగుదును, ఇద్దరూ కాల్చుకుంది సొంత పాదాన్నే" అంది. ఆ తర్వాత ఎవరం నవ్వలేదు.

పది రోజులుగా కర్రతో తిరుగుతున్నాను. పోస్ట్‌మన్ సెల్యూట్ చేస్తున్నాడు. మార్టిన్ గారు మాత్రం రోజూ, "బాలా, ఊడవడం ఎప్పుడవుతుంది?" అంటున్నారు. ఆదివారం పూజకి కూడా పట్టుకెళ్ళి గొడుగుల పక్కన పెట్టాను. ఫాదర్ అది చూసి, కొండయాత్రకి వెళ్తున్నాననుకుని, పూజయ్యాక కర్రకి దీవెన ఇచ్చాడు. అభ్యంతరం చెప్పే వీల్లేకపోయింది. నా దగ్గరున్నది ఇప్పుడు దీవించిన చీపురుకర్ర.

ఒక మాట. నువ్వు తుపాకీ మానెయ్యమన్న కారణం నాకు అర్థమైంది. నామీద నీకు నమ్మకం లేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా నేను నీకు కళ్ళజోడు పగలగొట్టినవాణ్ణే. ఫర్వాలేదు. చిన్నగా రాస్తున్నానన్నావు. కాగితం వృథా చెయ్యకూడదని నాన్నే కదా నేర్పింది?

పట్టీ వెనక పేజీలో ఉంది.

ఇట్లు,
బాలశౌరి

తా.క.: పట్టీలో పదో పేరుగా నక్కని చేర్చాను. చంపబోయే ప్రాణి కోసం ముందే ప్రార్థించడం న్యాయం. దానికి పేరు తెలియక "నక్క" అనే రాశాను.

*

క్లాండాల్కిన్,
శుక్రవారం, ఫిబ్రవరి 28.

ప్రియమైన తమ్ముడికి, అక్క దీవెనలు.

నమ్మకం లేదని ఎవరన్నారు? నీకు కోపమొస్తే పూర్తిగా నాన్న పోలికే.

ఉత్తరంలో చివరి పేర్లు నాకు కనపడలేదు. నక్క అసలు కనపడలేదు. నా కళ్ళు మసకేశాయనుకో. ఈసారి పెద్ద అక్షరాలతో రాయి.

కొన్ని సంగతులు అడుగుతాను, ఎందుకని అడక్కుండా చెప్పు. ఆ ఇంట్లో గొర్రెల వాసన ఎలా భరిస్తున్నావు? చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఎంతసేపు పడుతోంది? నిద్రలో కాళ్ళు తంతున్నావా? మార్టిన్ గారికి సూప్ నువ్వే తాగిస్తావా, ఏ చేత్తో?

నిన్న ఎడ్వర్డ్ వీడియో కాల్ చేశాడు. వాళ్ళ పాప పుట్టినరోజు. కేకు కొయ్యడానికి వంగితే పిస్తోలు పక్కటెముకల్లో గుచ్చుకుని "అబ్బా" అన్నాడు. కూర్చోలేక నిలబడే తిన్నాడు. దాచుకుని తిరగడమంటే ఎవరికీ తెలియకూడదని కదా, మరి కేకు దగ్గరున్న పదిహేను మందీ వాడి నడుమే చూస్తున్నారు. నాలుగు గంటల వీడియో ఎలా విన్నావురా అంటే, ఉల్లిపాయలు తరుగుతూ విన్నానన్నాడు. ఆ మాటకి వాడి పెళ్ళాం, "ఉల్లిపాయలు కూడా సరిగ్గా తరగలేదొదినా" అంది.

నువ్వు వాడిలా చెయ్యవని నాకు తెలుసు. కానీ నా ప్రశ్నలకి జవాబు రాయి.

ఇట్లు,
పుష్పవతి

తా.క.: నక్క కోసం నేనూ ప్రార్థించాను. నువ్వు గురిచూస్తే దానికేం భయం లేదని దేవుడికి చెప్పాను.

*

షానన్ లైబ్రరీ,
గురువారం, మార్చి 6.

అక్కకి,

ఈ ఉత్తరం లైబ్రరీలో కంప్యూటర్ మీద కొట్టించి పంపుతున్నాను. అక్షరాల సైజు పద్దెనిమిది. ఇప్పుడు కనపడుతుంది.

నీ ప్రశ్నలు రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది: తమ్ముడు స్నానం చెయ్యడం లేదు, బట్టలు మార్చడం లేదు, ముసలాయనకి తిండి సరిగా పెట్టడం లేదు. సుగుణ పోయిన ఈ నాలుగేళ్ళలో అందరూ అనుకునేది ఇదే కాబట్టి కొత్తగా బాధ పడలేదు. జవాబులు: రోజూ స్నానం చేస్తాను. గుండీలు పెట్టుకుంటాను. గొర్రెల వాసన నాకేం రాదు. మొన్న టోస్ట్ మాడి ఇల్లంతా పొగైనప్పుడు కూడా మార్టిన్ గారు చెబితేనే తెలిసింది. ఇన్నేళ్ళు ముసలివాళ్ళ దగ్గర పనిచేస్తే ముక్కు మొద్దుబారుతుంది. నిద్రలో ఏం చేస్తానో నేనెలా చూస్తాను?

శిక్షణ మూడో శనివారం కూడా అయింది. అంతా గ్రాండ్.

ఇక అసలు సంగతి. నీకు చూపు తగ్గుతోంది. నర్సువి, ఇంజెక్షన్లు ఇచ్చే మనిషివి, నీ ఆరోగ్యం నువ్వు దాచుకుంటే ఎలా? మంగళవారం, మార్చి 11, మూడు గంటలకి మీ ఇంటి దగ్గరి కళ్ళద్దాల షాపులో నీ పేర పరీక్షకి టైం తీసుకున్నాను. బావ తీసుకెళ్తాడు. ఆయనకి ఫోన్లో చెప్పాను, ఒప్పుకున్నాడు. తప్పించుకోకు.

పట్టీ కింద కొట్టించాను. పది పేర్లూ ఉన్నాయి.

బాలశౌరి

తా.క.: లైబ్రరీ అమ్మాయికి తెలుగు రాదు. కీబోర్డు నాకు రాదు. మధ్యలో నక్క రెండుసార్లు పడింది. తీసెయ్యడం ఇద్దరికీ తెలియలేదు.

*

క్లాండాల్కిన్,
శుక్రవారం, మార్చి 14.

ప్రియమైన తమ్ముడు బాలశౌరికి,

మంగళవారం మూడింటికి మీ బావ నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళాడు. గుడ్డిదాన్ని నడిపిస్తున్నట్టు మెట్టు దగ్గర "మెట్టు" అని కూడా చెప్పాడు. ఆ అమ్మాయి పరీక్ష చేసింది. చార్టులో చివరి వరస చదివాను. దాని కింద ప్రింటు చేసినవాళ్ళ పేరుంటే అదీ చదివాను. "యువర్ ఐస్ ఆర్ గ్రాండ్" అంది. మీ బావ నావైపు తిరిగి, "మరి బాలశౌరి ఉత్తరం ఎందుకు కనపడలేదు?" అన్నాడు. అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను.

నా కళ్ళు బాగున్నాయిరా. నీ పట్టీలు ఆరున్నాయి నా దగ్గర. క్రిస్మస్ కార్డుతో మొదలుపెట్టి వరసగా బల్ల మీద పరిచాను. కార్డులో "నాన్న ఏసుదాసు" అన్న రెండు మాటలు నాలుగు సెంటీమీటర్లు. ఫిబ్రవరి 5న మూడు. ఫిబ్రవరి 24న రెండుంబావు. ఒక్కో ఉత్తరంలో కూడా మొదటి పేరు కంటే చివరి పేరు చిన్నది. అవే మాటలు, అదే పెన్ను కావాలన్నది కొలవడానికి. దేవుడి కోసం కాదు.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు లువాస్ ట్రామ్ స్టాప్ దాకా నా ముందు నడిచావు. నీ ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఊగడం లేదు. పదకొండేళ్ళుగా నరాల వార్డులో చేస్తున్నాను. అలా నడిచే వణుకుడు జబ్బువాళ్ళని రోజూ చూస్తాను. వాసన తెలియకపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, నిద్రలో తన్నడం, అక్షరాలు చిన్నవైపోవడం, అన్నీ దాని గుర్తులే. ఫోన్లో అడిగితే "బాగున్నాను" అంటావు. ఉత్తరం అయితే నీకు తెలియకుండానే నిజం చెబుతుందనుకున్నాను.

నాన్న గుర్తున్నాడా? ఉపదేశిగా గుడి బోర్డు మీద పూజ వేళలు ఎంత పెద్దగా రాసేవాడు. చివరి మూడేళ్ళు ఆ అక్షరాలు చీమలైపోయాయి. ఫాదర్ గారు ఆదివారం అందరి ముందు, "ఏసుదాసు గారిని చూసి సుద్దముక్క పొదుపు నేర్చుకోండి" అన్నారు. మనం చప్పట్లు కొట్టాం. నువ్వూ, నేనూ. అప్పటికే నేను నర్సింగ్ రెండో సంవత్సరం. నాకు తెలియాల్సింది, తెలియలేదు. ముప్పై ఆరేళ్ళుగా ఆ చప్పట్లు వింటున్నాను.

నేను డాక్టర్ని కాదు. వేరే ఏదైనా కావచ్చు. కానీ డాక్టరు చూసేదాకా ఆ తుపాకీ ముట్టుకోకు. ఆరు శనివారాల క్లాసుకి వెళ్ళమన్నది ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా? సైన్యంలో చేసిన మనిషి నీ చెయ్యి గమనించకపోదని. చెప్పే ధైర్యం నాకు లేక, ఆమె చేత చెప్పిద్దామనుకున్నాను.

మా క్లినిక్‌కి పద్నాలుగు నెలల లిస్టుంది. మార్చి 27కి ఒకాయన రానన్నాడు. ఆ చోటు డాక్టరుని అడిగి నీకోసం ఉంచాను. మీ జీపీ ఉత్తరం మాత్రం కావాలి. తిట్టాలనుకుంటే వచ్చి తిట్టు.

ఇట్లు, నీ అక్క
పుష్పవతి

తా.క.: కంప్యూటర్ ఉత్తరం వచ్చినరోజు దాన్ని కూడా కొలిచాను. మొదటి నక్కా రెండో నక్కా సమానంగానే ఉన్నాయి.

*

షానన్ దగ్గర,
గురువారం, మార్చి 20.

ప్రియమైన పుష్పక్కకి, తమ్ముడు రాయునది.

ముందు ముఖ్యమైన సంగతి. నాకు తెలుసు. ఆగస్టు నుంచి తెలుసు.

ఆగస్టులో ఒకరోజు పూజకి తయారవుతుంటే చొక్కా గుండీలకి పన్నెండు నిమిషాలు పట్టింది. గడియారం చూశాను కాబట్టి కచ్చితంగా చెబుతున్నాను. అప్పటినుంచి టీషర్టులు వేస్తున్నాను. బయటికెళ్తే కుడిచెయ్యి కోటు జేబులో ఉంటుంది. మన ఎడ్వర్డ్ పిస్తోలు దాచుకుని తిరుగుతాడు, నేను చెయ్యి దాచుకుని తిరుగుతున్నాను. నాకూ పెద్ద శిక్షణేమీ లేదు, చేస్తూ నేర్చుకున్నాను.

మార్టిన్ గారు తుపాకీ సంగతి ఎత్తగానే వద్దనాల్సింది. ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుందని అనలేదు. క్లాండాల్కిన్‌కి ఎందుకు రాలేదంటే, సగం పూట క్లాసులో నన్ను పాస్ చేసేస్తారని భయం వేసింది. చేతిలో కాగితం ఉంటే నేనే దాన్ని నమ్మేద్దును. పదకొండులో నలుగుర్ని ఫెయిల్ చేసిన మనిషి కావాలనుకున్నాను. నువ్వూ నేనూ చెప్పలేని మాట ఆమెకే వదిలేశామన్నమాట. ఇద్దరం నాన్న పిల్లలమే.

మార్చి 1న ఆమె మొదటిసారి ఖాళీ తుపాకీ చేతికిచ్చింది. పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూడలేదు, నా కుడి బొటనవేలు దానంతటదే ఆడడం చూసింది. అందరూ వెళ్ళాక ఆగమంది.

"ఎన్నాళ్ళనుంచి అలా అవుతోంది?" అంది.

"చలికి" అన్నాను.

"చలి రెండు చేతులకీ వేస్తుంది, బాలా" అంది.

ఫారం మీద "తగదు" అని రాసి సంతకం చేసింది. నాకు టీ పెట్టి, తాగేదాకా ఎదురుగా కూర్చుంది. కప్పు సగమే పోసింది, ఒలక్కుండా. ఆ తర్వాత అయిదు రోజులకి నీకు "అంతా గ్రాండ్" అని కంప్యూటర్‌తో కొట్టించాను. చేత్తో రాస్తే నువ్వు చూస్తావని.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ప్రెస్‌లో తుపాకీ దొరికిన రోజే మార్టిన్ గారి సంగతి జీపీకి చెప్పాను. అదే జీపీ, అదే గది. నా కుడిచెయ్యి అప్పుడూ జేబులోనే ఉంది. నా సంగతి చెప్పలేదు. నిన్న, బుధవారం, వెళ్ళి చెప్పాను. ఉత్తరం ఇచ్చారు. దీనితో పాటు జతచేశాను.

మార్టిన్ గారికి కూడా చెప్పాను. ముందు ముఖం చిన్నబుచ్చుకుని, తర్వాత "నీ తలకాయ, నా చేతులు కలిపితే ఒక పూర్తి మనిషి అవుతాం. గ్రాండ్" అన్నారు. బాగా చెప్పారని సంతోషించాను. ఈరోజు పొద్దున టిఫిన్ దగ్గర, "బాలా, తుపాకీ పరీక్ష ఎప్పుడు పాసవుతావు?" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మళ్ళీ అదే ముఖం పెట్టి, అంతే బాధపడ్డారు. రేపూ అడుగుతారు. రోజూ చెప్పక తప్పదు. ఈ మాట పైకి అనడంలో నాకు కావలసిన శిక్షణ ఇదేనేమో. మొదటిసారి పావుగంట పట్టింది, ఈరోజు అయిదు నిమిషాలు.

ఇప్పటికి తొమ్మిది గొర్రెలు ఈనాయి. పద్నాలుగు పిల్లలు. నక్క రెండింటిని తీసుకెళ్ళింది. మిసెస్ కెల్లెహర్ వాళ్ళక్క దగ్గర ఒక గాడిద ఉంది. గొర్రెల మధ్య వదిలితే నక్కని దగ్గరికి రానివ్వదట. శనివారం పదకొండింటికి తెస్తున్నారు. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదని గార్డ్స్‌ని అడిగి మరీ తెలుసుకున్నాను.

సుద్దముక్క విషయం. చప్పట్లు ముందు మొదలుపెట్టింది నేను, నువ్వు కాదు. నీ లెక్కలోంచి తీసెయ్.

పట్టీ చేత్తోనే రాశాను. అదే పెన్ను, గీతల్లేని కాగితం. తొందర పడలేదు, దాచలేదు. ఎంత వచ్చిందో అంతే: నాన్న ఏసుదాసు, అమ్మ దేవమాత, సుగుణ, టైటస్ బావ, పుష్పవతి, ఎడ్వర్డ్, ఫెబి, జెమీమా, మార్టిన్, నక్క, బాలశౌరి. నన్ను చివర పెట్టుకున్నాను, అన్నిటికంటే చిన్నగా వచ్చేది నా పేరే కావాలని.

ఇట్లు, నీ తమ్ముడు
బాలశౌరి

తా.క.: బుధవారం సాయంత్రం నాలుగున్నరకి షానన్‌లో బస్సెక్కుతాను. మార్టిన్ గారి దగ్గర పక్కింటి డెక్లన్ ఉంటాడు. బావని స్టాపుకి రమ్మను, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోనిస్తాను. డాక్టరు చూసేది గురువారం, మార్చి 27, ఉదయం తొమ్మిది నలభైకి. ఆరోజు సెలవు పెట్టు. యూనిఫాం వేసుకోకుండా రా.